స్నాప్‌షాట్ మొదలవగానే సర్వర్ బిగుసుకుపోతోంది, పింగ్ మాత్రం వస్తోంది

కృష్ణలంక_అడ్మిన్
మూడు వారాలుగా రాత్రి రెండు దాటితే టెన్షన్. కేవీఎమ్ హోస్ట్ మీద ఐదు వర్చువల్ మెషీన్లు, అంటే వీఎమ్‌లు, నడుపుతున్నాం. కింద ఎల్‌వీఎమ్ థిన్ పూల్ (వీఎమ్‌లన్నీ వాడినంతే చోటు తీసుకునే ఉమ్మడి నిల్వ), మామూలు సాటా డిస్కులు. 2:10కి బ్యాకప్ మొదలవుతుంది. ముందు గెస్ట్ ఏజెంట్‌తో (వీఎమ్ లోపల ఉండి హోస్ట్ మాట వినే చిన్న ప్రోగ్రామ్) ఫైల్ సిస్టమ్ ఫ్రీజ్ చేసి, అంటే డిస్కుకి రాయడం ఆపించి, స్నాప్‌షాట్ (డిస్కుకి ఆ క్షణపు నకలు) తీసి, ఫ్రీజ్ తీసేస్తుంది. నాలుగు వీఎమ్‌లు బాగానే ఉన్నాయి. ఐదోదే ఏడిపిస్తోంది. అందులో ఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్, మరియాడీబీ డేటాబేస్, ఒక హోస్టింగ్ కంట్రోల్ ప్యానెల్, 64 జీబీ ర్యామ్. కొన్ని కాలేజీల ఫీజు సైట్లు దాని మీదే ఉన్నాయి.

కొన్ని రాత్రులు ఓ నిమిషం ఆగి మళ్లీ నడుస్తుంది. కొన్ని రాత్రులు ఇక లేవదు. పింగ్ వస్తుంది, ఎస్‌ఎస్‌హెచ్ పాస్‌వర్డ్ అడుగుతుంది, ఇచ్చాక అక్కడే నిలబడిపోతుంది. మొన్న ముందే తెరిచి పెట్టుకున్న టాప్ కమాండ్‌లో లోడ్ యావరేజ్ 340 దాటింది, సీపీయూ మాత్రం ఖాళీ. కన్సోల్‌లో ఏదో టాస్క్ 120 సెకన్లకు పైగా ఆగిపోయిందని వరసగా లైన్లు. చివరికి కరెంటు పీకినట్టు రీసెట్ చేయాల్సి వస్తోంది. నిన్న ఫీజుకి ఆఖరి రోజు. అర్ధరాత్రి దాటాక కూడా పిల్లలు కడుతూనే ఉన్నారు. పేమెంట్ మధ్యలో పేజీ ఆగిపోయిన వాళ్లు పొద్దున్నే ఫోన్లు. స్నాప్‌షాట్లు మానేయాలా?

బెంచ్‌మీద_కుర్రాడు
గెస్ట్ ఏజెంట్ ఆపేయండి అన్నా. మా ఆఫీసులో ఆపాక మళ్లీ రాలేదు.

రాత్రిడ్యూటీ
ఆగు తమ్ముడూ, ఏమైందో తెలియకుండా ఆపేస్తే బ్యాకప్ ఉందనుకుంటాం, తీరా తీసి చూస్తే పనికిరాదు.

కృష్ణలంక గారు, మీరు చెప్పిన లక్షణాలు ఒకదానికొకటి సరిపోతున్నాయి. పింగ్‌కి జవాబిచ్చేది కెర్నలే, దానికి డిస్కుతో పని లేదు. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అవగానే ఎవరు వచ్చారో ఫైల్లో రాయాలి, అక్కడ ఆగిపోతుంది. రాయడానికి వచ్చిన ప్రతి ప్రాసెస్ డీ స్టేట్‌లో, అంటే డిస్కు పని అయ్యేదాకా ఎవరూ లేపలేని స్థితిలో, నిద్రపోతుంది. దాన్ని కిల్ చేసినా చావదు. లినక్స్ ఆ నిద్రపోయే వాళ్లనీ లోడ్ యావరేజ్‌లో కలుపుతుంది కాబట్టే సీపీయూ ఖాళీగా ఉన్నా 340 కనిపించింది. ఆ 120 సెకన్ల మాట కూడా కెర్నల్ డిఫాల్ట్ గడువే.

అసలు ప్రశ్న వేరు. ఫ్రీజ్ చేసిన వాడు తిరిగి ఎందుకు తీయలేకపోతున్నాడు?

పాలమూరు_స్టోరేజ్
థిన్ పూల్ నిండిందేమో చూశారా? పూల్‌లో చోటు అయిపోతే రైట్లు (డిస్కుకి రాసే పనులు) ఎర్రర్ ఇవ్వకుండా 60 సెకన్లు వేచి ఉంటాయి, ఆ తర్వాతే ఎర్రర్. మీ "ఓ నిమిషం" విన్నాక అదే గుర్తొచ్చింది. డేటాతో పాటు మెటాడేటా (ఏ బ్లాకు ఎక్కడుందో రాసుకునే పట్టిక) శాతం కూడా చూడండి, దాన్ని అందరూ మర్చిపోతారు. పూల్ దానంతట అదే పెరిగే థ్రెషోల్డ్ డిఫాల్ట్‌గా 100, అంటే ఎవరూ మార్చకపోతే ఆ సౌకర్యం పని చేయనట్టే.

కృష్ణలంక_అడ్మిన్
చూశాను. డేటా 71 శాతం, మెటాడేటా 38. పూల్ నిండితే మిగతా నాలుగు వీఎమ్‌లూ ఆగాలి కదా, వాటికి ఏమీ కాలేదు. థ్రెషోల్డ్ మాత్రం మీరన్నట్టే 100లో ఉంది. ఇప్పుడే 80కి మార్చాను, థాంక్స్.

పాలమూరు_స్టోరేజ్
సరే, పూల్ కాదు. ఆ మార్పు ఇంకో రోజు మిమ్మల్ని కాపాడుతుంది.

డల్లాస్_తెలుగోడు
మాది క్లౌడ్ కథ. ఇక్కడ చేరిన కొత్తలో ఏడబ్ల్యూఎస్‌లో 500 జీబీ వాల్యూమ్, వారానికి ఒక స్నాప్‌షాట్, ప్రతి ఆదివారం 40 నిమిషాలు అప్లికేషన్ ఆగేది. నాకన్నా ముందున్నాయన రాసిన స్క్రిప్ట్ తెరిచి చూస్తే ఫ్రీజ్ చేసి, స్నాప్‌షాట్ అడిగి, స్టేటస్ "కంప్లీటెడ్" అయ్యేదాకా కూర్చుంటోంది. ఈబీఎస్‌కి (ఏడబ్ల్యూఎస్ డిస్కు సర్వీసు) అంతసేపు అక్కర్లేదు. స్నాప్‌షాట్ అడిగిన క్షణమే గీత గీసినట్టు. స్టేటస్ "పెండింగ్" అని జవాబు రాగానే ఫ్రీజ్ తీసేయొచ్చు, కాపీ వెనకాల జరుగుతూ ఉంటుంది. ఒక్క లైన్ పైకి జరిపితే 40 నిమిషాలు కాస్తా రెండు సెకన్లకు వచ్చింది.

కృష్ణలంక గారు, మీ బ్యాకప్ కూడా కాపీ అయ్యేదాకా ఫ్రీజ్ పట్టుకుని కూర్చోవడం లేదు కదా?

కృష్ణలంక_అడ్మిన్
లేదు, హోస్ట్ లాగ్ చూశాను. ఫ్రీజ్ పంపినట్టు ఉంది. దానికి జవాబే రాలేదు. స్నాప్‌షాట్ దాకా వెళ్లనే లేదు!

రాత్రిడ్యూటీ
ఇది ముఖ్యమైన సంగతి. మొదటి పోస్ట్‌లో చెప్పాల్సింది 😀 అంటే ఫ్రీజ్ తీయడంలో కాదు, ఫ్రీజ్ చేయడంలోనే ఇరుక్కుంటోంది.

పాత_యూనిక్స్
కొంచెం వెనక్కి వెళ్తాను, పనికొస్తుంది. ఈ ఫ్రీజ్ మొదట ఎక్స్‌ఎఫ్‌ఎస్‌ది. సిలికాన్ గ్రాఫిక్స్ వాళ్ల ఐరిక్స్‌లో పుట్టిన ఫైల్ సిస్టమ్ అది. లినక్స్ 2.6.29లో, అంటే 2009లో, ఈ సౌకర్యాన్ని అన్ని ఫైల్ సిస్టమ్‌లకూ ఉమ్మడిగా వీఎఫ్‌ఎస్ పొరలోకి తెచ్చారు. ఎక్స్‌టీ4కి అప్పటి నుంచే వచ్చింది.

అది చేసే పని వరసగా ఇది. ముందు కొత్తగా రాసేవాళ్లకి తలుపు వేస్తుంది. లోపల ఉన్నవాళ్లు బయటికి వచ్చేదాకా ఆగుతుంది. ఆ తర్వాత మెమరీలో మిగిలిన డర్టీ పేజీలన్నీ (ఇంకా డిస్కుకి చేరని మార్పులు) డిస్కుకి రాస్తుంది. చివర్లో జర్నల్ (ఫైల్ సిస్టమ్ మార్పుల చిట్టా) సర్దుతుంది. ఈ వరస గమనించండి. తలుపు వేసిన తర్వాతే రాయడం మొదలు. మెమరీలో ఎంత పోగుపడి ఉంటే అంతసేపు బయటివాళ్లు నిలబడాలి.

మీ 64 జీబీలో డర్టీ రేషియో డిఫాల్ట్ 20 శాతం అయితే, చాలా జీబీలు పోగుపడటానికి అనుమతి ఉన్నట్టే. రాత్రి 2:05కి మెమ్‌ఇన్‌ఫోలో "డర్టీ" లైన్ ఎంతుందో చూసి చెప్పండి.

అరసవల్లి_నెట్‌వర్క్
పాత_యూనిక్స్ గారూ, ఫ్రీబీఎస్‌డీలో యూఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ స్నాప్‌షాట్ తీస్తే కూడా ఇలాగే బిగుసుకునేది గుర్తుందా? పెద్ద డిస్కయితే టీ తాగి వచ్చినా అలాగే ఉండేది.

పాత_యూనిక్స్
ఎందుకు గుర్తుండదు. ఒక ఫైల్ సిస్టమ్‌కి 20 స్నాప్‌షాట్లే పరిమితి. ఫ్రీబీఎస్‌డీ 9.0లో జర్నల్డ్ సాఫ్ట్ అప్‌డేట్స్ వచ్చాక అది ఆన్‌లో ఉంటే స్నాప్‌షాట్ తీయడమే కుదరలేదు. 2023లో 13.2 వచ్చాక గాని అది తీరలేదు. అన్నేళ్లూ జర్నల్ కావాలా స్నాప్‌షాట్ కావాలా అని ఎంచుకోవాల్సి వచ్చింది. జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్‌లో ఈ బాధ లేదు, పాత బ్లాకు మీద తిరిగి రాయదు కాబట్టి స్నాప్‌షాట్ క్షణంలో అయిపోతుంది.

బెంచ్‌మీద_కుర్రాడు
అయితే అందరూ జెడ్‌ఎఫ్‌ఎస్‌కి మారిపోతే సరి.

పాలమూరు_స్టోరేజ్
నడుస్తున్న ఫీజు సర్వర్ కింద ఫైల్ సిస్టమ్ మార్చమంటావా? మీ మేనేజర్‌కి చూపించు ఈ పోస్ట్ 😀

డేటాబేస్_డెస్క్
ఏజెంట్ ఆపేయమన్న సలహా గురించి. దాన్ని నేను పూర్తిగా కొట్టిపారేయను. ఫ్రీజ్ లేకుండా స్నాప్‌షాట్ తీస్తే డేటాబేస్‌కి అది కరెంటు పోయినట్టే. ఇన్నోడీబీ (మరియాడీబీలో టేబుళ్లు దాచే ఇంజిన్) కరెంటు పోయినా తన రీడూ లాగ్ (మార్పుల చిట్టా) చదువుకుని కోలుకునేలా కట్టిందే. పోస్ట్‌గ్రెస్ కూడా అంతే. కానీ ఒక షరతు ఉంది. డేటా ఫైళ్లూ లాగ్ ఫైళ్లూ ఒకే క్షణంలో పట్టుబడాలి. మా దగ్గర ఒకసారి డేటా ఒక డిస్కు మీద, లాగ్ ఇంకో డిస్కు మీద ఉండి, రెండు స్నాప్‌షాట్లకీ మధ్య 3 సెకన్ల తేడా వచ్చింది. రీస్టోర్ చేసిన రోజు డేటాబేస్ లేవలేదు. ఆ రాత్రి ఆఫీసులో ఎవరూ ఇంటికి వెళ్లలేదు.

ఇంకో మాట. కొందరు ఫ్రీజ్‌కి ముందు అన్ని టేబుళ్లకీ రీడ్ లాక్ వేస్తారు. ఆ సమయంలో ఏదైనా పెద్ద రిపోర్ట్ క్వెరీ నడుస్తుంటే, లాక్ దాని కోసం ఆగుతుంది, ఆ లాక్ వెనక మిగతా రైట్లన్నీ ఆగుతాయి. బయటి నుంచి చూస్తే ఫైల్ సిస్టమే బిగుసుకున్నట్టు కనిపిస్తుంది. మీ హుక్ స్క్రిప్టులో (ఫ్రీజ్ అప్పుడు ఏజెంట్ నడిపేది) అలాంటిది ఉందా?

కృష్ణలంక_అడ్మిన్
హుక్ ఏమీ పెట్టలేదు. డేటా, లాగ్ ఒకే డిస్కు మీద.

రాత్రి 2:05కి డర్టీ లైన్ చూశాను: 9 జీబీ చిల్లర. 2 గంటలకి కంట్రోల్ ప్యానెల్ తన సొంత బ్యాకప్ టార్ ఫైళ్లు కడుతుంది, దానివల్లే. మా డిస్కులు సెకనుకి 130 ఎంబీ రాస్తే గొప్ప. లెక్క వేస్తే 70 సెకన్లు. "ఓ నిమిషం" సంగతి తేలిపోయింది! కానీ లేవని రాత్రులు? అరగంట చూశాను ఒకసారి, లేవలేదు.

పాత_యూనిక్స్
అది వేరే జబ్బు. రెండూ ఒకే సర్వర్‌కి ఉన్నాయి, అందుకే మూడు వారాలు చిక్కలేదు.

రాత్రిడ్యూటీ
ఈ రాత్రి ఇలా చేయండి. 2 గంటలకి ముందే సీరియల్ కన్సోల్‌లో రూట్‌గా లాగిన్ అయి కూర్చోండి, తర్వాత లాగిన్ అవ్వదు. బిగుసుకోగానే ప్రాక్ ఫోల్డర్‌లో, కెర్నల్‌కి నేరుగా ఆజ్ఞలిచ్చే సిస్‌ఆర్‌క్యూ ట్రిగ్గర్ ఫైల్లోకి డబ్ల్యూ అక్షరం ఎకో చేయండి. ప్రాక్ డిస్కు మీద ఉండదు, కాబట్టి ఫ్రీజ్ అవదు. డీ స్టేట్‌లో ఉన్న ప్రతి టాస్క్ ఎక్కడ ఆగిందో కెర్నల్ చెప్పేస్తుంది. ఫోన్‌తో ఫోటో తీసుకోండి, ఫైల్లో సేవ్ చేయబోతే ఆ షెల్ కూడా నిద్రపోతుంది.

అది అయ్యాక అదే ఫైల్లోకి జె అక్షరం ఎకో చేయండి. ఫ్రీజ్ అయిన ఫైల్ సిస్టమ్‌లన్నిటినీ బలవంతంగా విప్పేస్తుంది. రీసెట్ అక్కర్లేదు. కాకపోతే ఆ రాత్రి స్నాప్‌షాట్ ఏదైనా తయారై ఉంటే నమ్మకండి, తీసేయండి.

బెంచ్‌మీద_కుర్రాడు
హోస్ట్ నుంచి వర్ష్‌తో (వీఎమ్‌లని నడిపే టూల్) ఫ్రీజ్ తీసేసే కమాండ్ ఉంది కదా అన్నా, అది చాలదా?

రాత్రిడ్యూటీ
మంచి ప్రశ్న. ఆ కమాండ్ గెస్ట్‌లోని ఏజెంట్‌కే వెళ్తుంది. ఇక్కడ ఇరుక్కున్నది ఆ ఏజెంటే. బావిలో పడ్డవాడినే తాడు వేయమన్నట్టు అవుతుంది.

కృష్ణలంక_అడ్మిన్
నిన్న రాత్రి రాలేదు, మొన్న రీబూట్ చేశాను కదా. రీబూట్ అయిన రాత్రి ఎప్పుడూ రాదు, ఇప్పుడే గమనించాను. రెండో రోజో మూడో రోజో వస్తుంది.

పాత_యూనిక్స్
ఆ మాట పక్కన రాసి పెట్టుకోండి. రీబూట్‌తో పోయి, నాలుగు రోజులు నడిచాక పుట్టేది ఏదో ఉంది.

కృష్ణలంక_అడ్మిన్
దొరికింది! 2:11కి బిగుసుకుంది. డబ్ల్యూ కొట్టాను, స్క్రీన్ నిండా వచ్చింది. వందల పీహెచ్‌పీ, మరియాడీబీ లైన్లు పక్కన పెడితే మూడు వింతగా ఉన్నాయి:

ఏజెంట్ ప్రాసెస్: ఫ్రీజ్ సూపర్ అనే ఫంక్షన్‌లో ఉంది, దాని లోపల ఎక్స్‌టీ4 ఫ్రీజ్, అక్కడ రైట్ పూర్తవడం కోసం వేచి ఉంది.
లూప్0 వర్కర్: రైట్ మొదలుపెట్టే చోట, అంటే పాత_యూనిక్స్ గారు చెప్పిన ఆ తలుపు దగ్గర నిలబడి ఉంది.
లూప్0 జర్నల్ థ్రెడ్: అది కూడా డీలోనే.

తర్వాత జె కొట్టాను. రెండు సెకన్లలో సర్వర్ లేచి కూర్చుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి నిజంగా. ఇంతకీ ఈ లూప్0 ఏమిటి? నేను పెట్టలేదు.

రాత్రిడ్యూటీ
ఈ లూపే దొంగ. లూప్ అంటే ఒక ఫైల్‌ని డిస్కులా వాడటం. మౌంట్ లిస్ట్ మొత్తం, వరస మార్చకుండా పెట్టండి.

కృష్ణలంక_అడ్మిన్
వరసగా: 1) రూట్ (అసలు ఫైల్ సిస్టమ్), ఎక్స్‌టీ4. 2) బూట్. 3) టెంప్ ఫోల్డర్, లూప్0 మీద ఎక్స్‌టీ4. దాని ఫైల్ రూట్ డిస్కులోని యూఎస్‌ఆర్ కింద ఉంది, 4 జీబీ. కంట్రోల్ ప్యానెల్ పెట్టినట్టుంది. 4) వార్ టెంప్, అదే లూప్. ఆ కింద ఇరవై ముప్పై లైన్లు: ఇద్దరు యూజర్ల పేర్ల కింద యూఎస్‌ఆర్, లిబ్, బిన్ లాంటివన్నీ మళ్లీ మౌంట్ అయి ఉన్నాయి.

పాత_యూనిక్స్
ఇక అర్థమైంది. నింపాదిగా రాస్తాను.

మీ టెంప్ ఫోల్డర్ ఒక ఫైల్ సిస్టమ్. అది కూర్చున్నది రూట్ మీద ఉన్న ఒక ఫైల్లో. కాబట్టి టెంప్‌ని ముందు ఫ్రీజ్ చేసి, రూట్‌ని తర్వాత ఫ్రీజ్ చేయాలి. ఏజెంట్‌కి ఈ సంగతి తెలుసు, అందుకే మౌంట్ లిస్ట్‌ని కింద నుంచి పైకి చదువుతుంది. చివర మౌంట్ అయింది ముందు ఫ్రీజ్. మామూలుగా ఇది సరిపోతుంది.

మీ లిస్ట్‌లో అడుగున ఉన్న ఆ ఇరవై ముప్పై లైన్లు బైండ్ మౌంట్లు. యూజర్లని ఒక గదిలో బంధించి షెల్ ఇవ్వడానికి ప్యానెల్ పెట్టేవి. పేరుకి వేరే ఫోల్డర్లు, లోపల అన్నీ రూట్ ఫైల్ సిస్టమే. ఫ్రీజ్ పడేది ఫోల్డర్ మీద కాదు, సూపర్ బ్లాక్ మీద, అంటే మొత్తం ఫైల్ సిస్టమ్ మీద. ఏజెంట్ కింద నుంచి మొదలుపెట్టి మొదటి బైండ్ మౌంట్‌ని ఫ్రీజ్ చేయగానే మొత్తం రూట్ ఫ్రీజ్ అయిపోయింది. ఆ తర్వాత పైకి వెళ్తూ లూప్0 దగ్గరికి వచ్చింది. ఎక్స్‌టీ4 ఫ్రీజ్ అవ్వాలంటే తన సూపర్ బ్లాక్‌లో ఒక గుర్తు మార్చి రాయాలి. ఆ రైట్ లూప్ వర్కర్ ద్వారా రూట్‌లోని ఫైల్‌కి వెళ్లాలి. రూట్ తలుపు మూసి ఉంది. తలుపు తీయాల్సిన ఏజెంట్ ఈ రైట్ కోసమే ఎదురు చూస్తోంది. ఒకరి కోసం ఒకరు, ఇక తెల్లారేదాకా అంతే.

రీబూట్ చేసిన రాత్రి రాకపోవడానికీ ఇదే కారణం. బైండ్ మౌంట్లు యూజర్ షెల్‌లోకి లాగిన్ అయినప్పుడు పుడతాయి. ఆ ఇద్దరిలో ఎవరూ లాగిన్ కాని రోజు లిస్ట్ అడుగున లూపే ఉంటుంది, వరస సరిగ్గా ఉంటుంది.

రాత్రిడ్యూటీ
🙏 చాలా ఏళ్లుగా ఈ పని చేస్తున్నా, బైండ్ మౌంట్ కోణం నాకు తట్టలేదు.

అరసవల్లి_నెట్‌వర్క్
విండోస్‌లో స్నాప్‌షాట్లు తీసే వీఎస్‌ఎస్ రైట్లని 10 సెకన్లకి మించి ఆపి ఉంచదు, దాటితే వదిలేసి ఎర్రర్ ఇస్తుంది. మన ఎఫ్‌ఎస్‌ఫ్రీజ్ కమాండ్‌కి గడువే లేదు. చేత్తో పరీక్షించే వాళ్లు ఫ్రీజ్, పది సెకన్ల స్లీప్, అన్‌ఫ్రీజ్ మూడూ ఒకే లైన్లో రాసి కొట్టండి. ఫ్రీజ్ చేశాక రెండో కమాండ్ టైప్ చేసే అవకాశం వస్తుందన్న నమ్మకం లేదు, ముఖ్యంగా రూట్ మీద.

బెంచ్‌మీద_కుర్రాడు
అయితే టెంప్‌ని టెంప్‌ఎఫ్‌ఎస్ చేసేస్తే? మెమరీలో ఉంటుంది, లూప్ ఉండదు.

డేటాబేస్_డెస్క్
ఈసారి తమ్ముడి సలహా సగం సరైందే. లూప్ పోవాలి. కానీ మరియాడీబీ పెద్ద సార్టింగులకి టెంప్‌లో ఫైళ్లు పెడుతుంది. టెంప్‌ఎఫ్‌ఎస్ అయితే ఆ భారమంతా ర్యామ్ మీద పడుతుంది. ఫీజు రిపోర్టులు తీసే రోజు మెమరీ చాలక డేటాబేస్‌నే కెర్నల్ చంపేస్తే?

పాలమూరు_స్టోరేజ్
హోస్ట్‌లో చిన్న వర్చువల్ డిస్క్ ఒకటి కట్టి టెంప్‌కి ఇచ్చేయండి. నోఎగ్జెక్, నోసూయిడ్ ఆప్షన్లు (టెంప్‌లోంచి ప్రోగ్రాములు నడవకుండా, అధికారం పెరగకుండా ఆపేవి) మాత్రం అలాగే ఉంచాలి, ప్యానెల్ లూప్ పెట్టిందే దానికోసం. అది సొంత డిస్కు కాబట్టి రూట్ ముందు ఫ్రీజ్ అయినా, తర్వాత ఫ్రీజ్ అయినా తేడా లేదు.

కృష్ణలంక_అడ్మిన్
నేరుగా ఫీజు సర్వర్ మీద చేయడానికి ధైర్యం చాల్లేదు. ముందు ఒక ఖాళీ వీఎమ్ తీసుకున్నాను. రూట్‌లో 1 జీబీ ఫైల్, దాని మీద ఎక్స్‌టీ4, లూప్ మౌంట్, ఆ తర్వాత యూఎస్‌ఆర్‌ని ఇంకో చోట బైండ్ మౌంట్. హోస్ట్ నుంచి ఫ్రీజ్ పంపాను. మొదటిసారికే బిగుసుకుంది! జెతో విప్పి, బైండ్ మౌంట్ తీసేసి మళ్లీ పంపాను. హాయిగా ఫ్రీజ్ అయింది, హాయిగా విప్పుకుంది. పాత_యూనిక్స్ గారూ, మీరు మా సర్వర్ చూడకుండానే చెప్పారు.

రేపు రాత్రి 11కి మార్పు. 16 జీబీ డిస్కు తయారు చేశాను.

పాత_యూనిక్స్
చేయబోయే ముందు ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌తో (బూట్‌లో ఏది ఎక్కడ మౌంట్ కావాలో రాసే ఫైల్) పాటు ప్యానెల్ బూట్ స్క్రిప్ట్ కూడా చూడండి. లేకపోతే రీబూట్‌కి లూప్ మళ్లీ వచ్చి కూర్చుంటుంది. ఆ 70 సెకన్ల జబ్బుకి కూడా మందు వేయండి: ఏజెంట్ ఫ్రీజ్ హుక్‌లో "ఫ్రీజ్" అని పిలిచినప్పుడు ఒక సింక్ కొట్టించండి. తలుపు మూయకముందే చాలావరకు రాసేస్తుంది. ఏజెంట్‌కి క్యాపిటల్ ఎఫ్ (-F) ఆప్షన్ ఇవ్వకపోతే హుక్ అసలు నడవదు, అది చూసుకోండి. డర్టీ రేషియో (శాతం) బదులు డర్టీ బైట్స్ (బైట్లలో పరిమితి) పెడితే పోగుపడటమే తగ్గుతుంది.

డేటాబేస్_డెస్క్
హుక్‌లో సింక్ చాలు. టేబుల్ లాక్ జోలికి వెళ్లకండి, ఇన్నోడీబీయే కదా. ఒక్క టేబుల్ అయినా పాత ఇంజిన్ మైఐసామ్‌లో మిగిలి ఉంటే ఇన్నోడీబీకి మార్చేయండి, దానికి కోలుకునే లాగ్ లేదు.

కృష్ణలంక_అడ్మిన్
మార్పు అయి ఎనిమిది రాత్రులు. డర్టీ బైట్స్ 1 జీబీ, బ్యాక్‌గ్రౌండ్ 256 ఎంబీ పెట్టాను. హుక్‌లో సింక్. ప్యానెల్ సొంత బ్యాకప్‌ని 3:30కి జరిపాను. హోస్ట్ లాగ్‌లో ఫ్రీజ్ నుంచి విప్పేదాకా పట్టిన సమయం ఎనిమిది రాత్రుల్లో అన్నిటికన్నా ఎక్కువ 1.4 సెకన్లు. ఆ ఇద్దరు యూజర్లు రోజూ లాగిన్ అవుతూనే ఉన్నారు. డేటాబేస్_డెస్క్ గారి కథ చదివాక భయమేసి, శనివారం ఒక స్నాప్‌షాట్‌ని వేరే వీఎమ్‌గా లేపి చూశాను. మరియాడీబీ లేచింది, ఆ రోజు 2:09కి కట్టిన ఫీజు రసీదు కూడా అందులో ఉంది. మైఐసామ్ టేబుళ్లు నాలుగు దొరికాయి, మార్చేశాను.

డల్లాస్_తెలుగోడు
రీస్టోర్ చేసి చూశారు చూడండి, అక్కడ నాకు నచ్చారు.

గుంటూరు_ల్యాబ్
చదివాక మా సర్వర్ మౌంట్ లిస్ట్ తీశాను. టెంప్ లూప్ మీదే ఉంది, అడుగున బైండ్ మౌంట్లు పన్నెండు. ఇప్పటిదాకా రాలేదంటే మేం ఏజెంట్ పెట్టలేదు కాబట్టే. వచ్చే వారం పెడదామనుకుంటున్నాం. ముందు డిస్కు కట్టి టెంప్ మారుస్తాను, ఆ ఎఫ్‌ఎస్‌ట్యాబ్ లైన్ ఎలా రాశారో ఇక్కడ పెట్టగలరా కృష్ణలంక గారూ?

కృష్ణలంక_అడ్మిన్
సాయంత్రం ఆఫీసు నుంచి పెడతాను. ప్యానెల్ స్క్రిప్ట్‌లో ఏ లైన్ ఆపానో అది కూడా.